మిగిలిన గడప

ఊరంతా అర్జీ మీద సంతకం పెట్టింది, ఒక్క సుబ్బలక్ష్మి తప్ప.

పర్చూరు పక్కన ఆ ఊళ్ళో ఎనభై మూడు నుంచీ ఆకాశం బూడిదే కురుస్తోంది. వాగు అవతల బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు వచ్చింది మొదలు, విచ్చిన పత్తి విచ్చినట్టే మాసిపోతోంది. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయ ఎలుక రంగుకు తిరుగుతోంది. గుంటూరులో కొనేవాళ్ళు కాయ ముట్టుకుని, చెయ్యి దులుపుకుని వెళ్ళిపోతున్నారు.

అర్జీ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్న యలమందయ్యకు పంట బాధ కంటే మనవరాలి బాధ ఎక్కువ. నాలుగేళ్ళ పిల్ల. మొదట్లో మిరపకాయ ఘాటుకే దగ్గుతోందనుకున్నారు. ఆ ఊళ్ళో దగ్గు ఎవరికి కొత్త గనక! వచ్చినకాడికి కాయ అమ్మేసి, కళ్ళం ఊడ్చేసి మూడు నెలలైనా పిల్ల దగ్గు తగ్గలేదు.

ఒంగోలు నుంచి వచ్చిన ఆఫీసరు దారి చెప్పాడు. పొగగొట్టానికి బూడిద పట్టే యంత్రం పెట్టిస్తాను, కానీ అర్జీలో ప్రతి గడపా ఉండాలి, ఒక్కటి తగ్గినా ప్లాంటువాళ్ళు దాన్నే పట్టుకు వేలాడతారు అన్నాడు.

ఆర్నెల్లయినా ఆ ఒక్క గడపే లొంగడం లేదు. సుబ్బలక్ష్మి మొగుడు పేరయ్య ఆ ప్లాంటులోనే బొగ్గు కూలీగా చేరి, ఏడాది తిరక్కుండా కనిపించకుండా పోయాడు. ఎవతెతోనో లేచిపోయాడని ప్లాంటు మేస్త్రీ కబురంపాడు. ఊరు నమ్మింది. ఆ నెలలోనే ఈమె బొట్టు తీసేసింది.

"బతికున్న మొగుడికి బొట్టు తీసేస్తారుటే?" అని ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

ఊరంతా పొద్దున్నే బూడిద ఊడ్చి, ప్లాంటును తిట్టుకుంటూ కళ్ళాపి చల్లుకుంటే, ఈమె వాకిట్లో చీపురు ముట్టదు. పిచ్చి ముదిరిందన్నారు. ప్లాంటువాళ్ళ ఉప్పు తింటోందన్నారు. ఊరి నోటికి మూకుడు పెట్టేదెవరు?

ఏడోసారి యలమందయ్య పిల్లను భుజాన వేసుకుని వెళ్ళాడు.

"అమ్మాయ్, దీని ఎద మీద చెవి పెట్టి చూడు. పిల్లి గురక పెట్టినట్టుంటది. నీ కాళ్ళు పట్టుకుంటా."

"పెద్దోడివి, అంత మాట అనమాక బాబాయ్." పిల్లను ఒళ్ళోకి తీసుకుని వీపు నిమిరింది. "ఆ యంత్రం పెడితే బూడిద ఇంక ఇటు రాదా?"

"రవ్వంత కూడా రాదంట."

సుబ్బలక్ష్మి కళ్ళు నిండాయి. సంతోషించాల్సిన మాటకు ఏడుపేమిటని యలమందయ్యకు ఒళ్ళు మండింది.

"పట్టిన బూడిద ఏం చేస్తారు?"

"నీళ్ళల్లో కలిపేస్తారంట."

"నీళ్ళల్లోనా? నిజంగా?"

"ఆఫీసరే చెప్పాడమ్మా."

ఆమె వాకిట్లో పేరుకున్న బూడిద వంక చూసింది. పిల్ల దగ్గుతూనే ఉంది. చివరికి "తే బాబాయ్" అని కాగితం అందుకుని, సిరా అద్దుకుని వేలిముద్ర వేసింది.

యలమందయ్య ప్రాణం కుదుటపడింది. కానీ ఆర్నెల్ల కడుపుమంట ఊరుకోలేదు.

"ఈ ముద్రేదో మొదటే వేస్తే పోయేదిగా! లేచిపోయినోడు తిరిగి ఆ ప్లాంటుకే వస్తాడనేగా నీ ఆశ?"

సుబ్బలక్ష్మి పిల్లను జాగ్రత్తగా ఆయన భుజానికెత్తింది.

"ఆయన లేచిపోలేదు బాబాయ్, తోటి కూలీలు చూస్తుండగానే బొగ్గుతోపాటు ఆ బాయిలర్లోకి జారిపోయాడు."