గొట్టం మీద మూడు దెబ్బలు

జ్లాటినాకు చచ్చి లేచి తిరిగే శవాలంటే భయం లేదు. ఎవరైనా తలుపు తట్టి, "పిల్లాణ్ణి అదుపులో పెట్టుకోలేవా, నువ్వేం తల్లివి?" అంటారేమోనని భయం. పోయిన చలికాలం, పాత ఇంట్లో ఉండగా కింది అంతస్తావిడ ఆ మాట అననే అంది. నెల తిరక్కుండా ఆ ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది.

"మెల్లిగా నవ్వవే, కింద వినపడుతుంది," అంది ఎదురింటి నెవేనాతో.

నెవేనా బట్టలు కుడుతుంది. సాయంత్రం ఆరయ్యేసరికి వేయించిన పొద్దుతిరుగుడు గింజల పొట్లంతో వచ్చి వాలుతుంది. ఇద్దరూ శవాల సీరియల్ చూస్తారు. చూడడమంటే తిట్టడమే. జ్లాటినా పదో తరగతిలో బడి మానేసిన పిల్ల, నలుగురిలో నోరు విప్పదు. ఈ సీరియల్ రాసినవాడి మీద మాత్రం ఎక్కడలేని మాటలూ వచ్చేస్తాయి.

"చూడవే, ఈ మారా తెలివి!" అంది. "పిల్లల్ని వెంటేసుకుని బడిలో దాక్కుంది. నేలమాళిగలోంచి మూడు రోజులుగా ఎవరో తలుపు కొడుతుంటే, శవమేనని బల్ల అడ్డం పెట్టింది. శవం ఎక్కడైనా మూడుసార్లు కొట్టి, ఆగి, మళ్లీ మూడుసార్లు కొడుతుందా?"

"నీకు తెలిసినంత ఆవిడకి తెలియదు మరి."

"తెలియకపోతే అడగొచ్చుగా! 'ఎవరది' అని ఒక్క మాట అడిగితే నోరు అరిగిపోతుందా?"

"అడిగితే కథ ఇవాళే అయిపోతుందే పిచ్చిదానా."

"అయిపోనీ. ఆ లోపలున్నది పంతులమ్మే, పందెం!"

నెవేనా పగలబడి నవ్వింది. జ్లాటినా రెండేళ్ల కొడుకు బోయ్‌కో కూడా చప్పట్లు కొట్టి గెంతాడు.  జ్లాటినా గబగబా టీవీ గొంతు తగ్గించింది. పిల్లాణ్ణి ఒళ్లోకి లాక్కుంది.

టంగ్. టంగ్. టంగ్.

కిటికీ కింద, గదిని వెచ్చబెట్టే వేడినీటి గొట్టం మోగింది. రూసే ఊళ్లో ఇలాంటి మేడల్లో ఆ గొట్టం అన్ని అంతస్తుల్లోంచీ పోతుంది. పైవాళ్ల గోల భరించలేనివాళ్లు గరిటెతో దానిమీద కొడతారు. ఆ చప్పుడుకు అర్థం ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

"కింది స్తోయ్‌మెన్ తాత," అంది నెవేనా.

జ్లాటినా ముఖం సిగ్గుతో కందిపోయింది.

మర్నాటి నుంచి బోయ్‌కోకు రెండు జతల ఉన్ని మేజోళ్లు తొడిగింది. నేలంతా దుప్పట్లు పరిచింది. బొమ్మ లారీ చక్రాలకు గుడ్డలు చుట్టింది. టీవీ గొంతు సగానికి సగం దించింది. సీరియల్‌ని గుసగుసగా తిట్టుకున్నారు.

టంగ్. టంగ్. టంగ్. కాసేపాగి, మళ్లీ మూడు.

"పిల్లాడు నిద్రపోతున్నాడు. టీవీ నాకే వినపడటం లేదు," అంది జ్లాటినా ఏడుపు గొంతుతో. "ఇంకా ఏం వినపడుతోందే ఆయనకి?"

"ముసలాళ్ల చెవులు నీకు తెలియవు. అక్కర్లేనివన్నీ వినపడతాయి."

రెండు రోజుల తర్వాత, బోయ్‌కోను చంకనేసుకుని మెట్లు దిగుతుంటే మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. చేతికర్ర మీద వాలి నిలబడి ఉన్నాడు స్తోయ్‌మెన్ తాత. మోకాళ్లు పోయినప్పటి నుంచి ఆయన ఆ గడప దాటడు.

"ఆగమ్మాయ్! నిన్న సాయంత్రం ఏమైంది మీ ఇంట్లో?"

"క్షమించండి తాతగారూ, ఇకమీదట ఏమీ వినపడదు," అని తల దించుకుని, ఆయన మళ్లీ నోరు తెరిచేలోగా కిందికి పరుగు తీసింది. రొట్టె కొనడానికి వెళ్లిన మనిషి ఖాళీ సంచితో తిరిగొచ్చింది.

ఆ సాయంత్రం టీవీ గొంతు పూర్తిగా తీసేసింది. తెరమీద మారా నేలమాళిగ తలుపుకు చెవి ఆనించి నిలబడింది. గదిలో గింజల పొట్టు రాలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

టంగ్ టంగ్ టంగ్! ఈసారి కోపంగా, గొట్టం విరిగిపోతుందేమో అన్నట్టు.

బోయ్‌కో ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. జ్లాటినా అరచేత్తో వాడి నోరు గట్టిగా మూసేసింది. పిల్లాడి కళ్లు పెద్దవయ్యాయి. ముక్కుతో ఊపిరి తీస్తూ అమ్మ వంకే చూశాడు.

"తియ్యవే చెయ్యి!" నెవేనా ఆమె మణికట్టు పట్టి లాగింది. "నిన్న ఇదే పని మారా చేస్తే రాక్షసి అన్నావు కదే!"

పిల్లాడి బుగ్గ మీద నాలుగు వేళ్లూ ఎర్రగా తేలాయి. జ్లాటినా వాటిని చూసి, చెయ్యి చొక్కా జేబులో దాచుకుంది. ఎవరూ తలుపు తట్టలేదు. 'నువ్వేం తల్లివి' అని ఎవరూ అనలేదు. తనకు తనే అనుకుంది.

"వాణ్ణి చూస్తూండు," అని లేచింది. పొద్దున జున్ను పెట్టి కాల్చిన బానిత్స రొట్టె సగం కోసి పళ్లెంలో పెట్టుకుంది. ఒక్కో మెట్టూ దిగింది.

తలుపు వెంటనే తెరుచుకుంది. తాత వెనక, వేడినీటి గొట్టానికి ఆనించి ఒక కుర్చీ ఉంది. దానిమీద దిండు, ఒక గరిటె. గది మూలన టీవీ మీద గుడ్డ కప్పి ఉంది.

"వచ్చావా? ఎన్నాళ్లకి!" అన్నాడు.

జ్లాటినా తల ఎత్తలేదు. "తప్పంతా నాదే తాతగారూ. ఇల్లు అద్దెకిచ్చినావిడకి మాత్రం చెప్పకండి. మళ్లీ ఇల్లు మారే ఓపిక లేదు మాకు. రేపే టీవీ అమ్మేస్తాం. మా నెవేనాని కూడా రావద్దంటాను."

ముసలాయన ముఖం పాలిపోయింది. పళ్లెం అందుకోబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది.

"అంత పని చెయ్యకు తల్లీ! నా టీవీ చెడిపోయి నెలయింది. అప్పట్నుంచి ఈ గొట్టంలోంచి మీ తిట్లు వినే కథ తెలుసుకుంటున్నా. ఇంతకీ ఆ లోపలున్నది పంతులమ్మేనా?"

జ్లాటినా అర్థంకాక ఆయన వంక చూసింది.

"గట్టిగా మాట్లాడమనే కదమ్మా నేను కొట్టింది!"