నల్లబడ్డ అద్దాలు

"ఏందయ్యా, మల్ల ఎండల తిరిగినవా?"

తాడ్వాయి బీడీ కార్ఖానల బీడీలు అప్పజెప్పి వచ్చిన నాగవ్వ గడప దాటకముందే గుర్తువట్టింది. నడింట్ల మంచం మీద మొగుడు ఎంకయ్య బుద్ధిమంతుని లెక్క కూసున్నడు. కండ్లద్దాలు మాత్రం నల్లగ బొగ్గయి ఉన్నయ్.

"లేదే. గడప గూడ దాటలే."

"అబద్ధమాడకు! ఎండ దాకితే నల్లబడ్తయ్, ఇంట్ల ఉంటే తెల్లగుంటయ్ అని అద్దాల దుకాణమాయన నా ముంగటనే చెప్పిండు. ఇగో, ఇవే నాకు గవాయి, ఇవే సాక్ష్యం."

ఎంకయ్యకు ఒక కన్ను ఎన్నడో పోయింది. ఉన్న ఒక్క కంటికి కామారెడ్డిల మోతిబిందు ఆపరేషన్ అయ్యి పన్నెండు రోజులే. నెల దాకా ఎండ తగలొద్దన్నడు డాక్టర్. అప్పటి సంది నాగవ్వకు కంటి మీద కునుకు లేదు.

నెత్తి మీది బీడీల చేట దించబోతే, నిన్న మల్ల చీలిన బొటనవేలి గోరు అంచుకు తాకి సుర్రుమన్నది. "అబ్బా" అన్నది. చిన్నప్పటి సంది బీడీల మూతులు వత్తిన గోరాయె, ఎన్నిసార్లు చీలిందో!

"కల్లు కాడికే పోయినవ్. ఉన్న ఒక్క కన్ను పోతే నన్నెట్ల జూస్తవయ్యా?" అన్నది.

ఎంకయ్య తలకాయ దించుకున్నడు. రెండు చేతులు తువ్వాల కింద దాసుకున్నడు.

"ఆ చేతులల్ల ఏంది? సీసనా?"

"ఏం లేదే."

లోపలర్రల నుంచి మనుమరాలు సింధూజ నవ్వుకుంట వచ్చింది. కామారెడ్డిల బ్యూటీ పార్లర్ పని నేర్చుకుంటున్నది. చేతుల చిన్న పెట్టె ఉన్నది.

"అవ్వా, తాతను తిట్టకు. ఎండ ఈ పెట్టెల ఉన్నది."

ఈ లొల్లిల అద్దాలు ఎప్పుడో తెల్లబడ్డయ్. సింధూజ వాటిని తీసి పెట్టెల వెట్టి బటన్ ఒత్తింది. ఊదారంగు వెలుగొచ్చింది. నిమిషమైనంక తీస్తే మల్ల నల్లగున్నయ్! నాగవ్వ నోరు తెరిచింది.

"ఎండల ఉండే కనవడని వెలుగు దీంట్ల గూడ ఉంటది అవ్వా. గోర్లకు రంగేసి దీంట్ల వెడ్తే గట్టివడ్తది. తాత ఇందాకటి సంది దీంట్లకే వంగి చూస్తుండు."

"గోర్ల పెట్టెతోని మీ తాతకు ఏం పని?"

ఎంకయ్య మెల్లగ నోరు విప్పిండు. "కట్టు ఇప్పినంక నాకు మొదలు కనవడ్డది నీ గోరేనే. ఇన్నేండ్లు మసకల తెల్వనే తెల్వలే. దానికి ఆ గట్టి రంగు ఏపిద్దామని..."

నాగవ్వ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. అయినా బెట్టు ఇడువలే.

"ఎండసుంటి వెలుగంటిరి. నా వేలు కాలితే?"

"కాలదే. ఒక్క వేలు వెట్టి చూస్తే నాకు నమ్మకం కుదరలే," అనుకుంట ఎంకయ్య తువ్వాల తీసిండు. పది వేళ్లకు పది గోర్లు గులాబి రంగుల తళతళ మెరుస్తున్నయ్.