ఎర్ర సున్న

జంగప్ప నిరోషను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి వాకిట్లో పడేశాడు. పట్టపగలు, వెనక పాతికమంది, ఒక్కరి నోటా వద్దన్న మాట లేదు. అతని రెండో చేతిలో పట్టకారు. బాణామతి చేసేవాళ్ళ పళ్ళు పీకితే మంత్రం పారదని ఆ ఊళ్ళో గట్టి నమ్మకం.

"నా మందల తొమ్మిది గొర్లు సచ్చినయి. గీమె కాయితంల తొమ్మిది సుక్కలకు ఎర్ర సున్నలు! కింద ఏం రాసిందో సదువుర్రి!"

ఆమె బల్ల మీద దొరికిన కాగితాన్ని ఎవరో పైకి చదివారు. "దొరికినవి తొమ్మిది. ఇంకా దొరకబోయేవి మూడు వందలు."

జంగప్ప మందలో మిగిలినవీ మూడు వందలే.

"నా బిడ్డకు సదువే వచ్చన్నా, బాణామతి రాదు! నీ కాళ్ళు మొక్కుత!" అంటూ తల్లి నాగవ్వ కాళ్ళ మీద పడింది. ఒక్క తన్ను తన్నాడు. ఆమె వెళ్ళి గోడకు కొట్టుకుంది.

నిరోష తాండూరు కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. పాఠం చెప్పినట్టే చెప్పబోయింది.

"మామా, ఆ సుక్కలు గెలాక్సీలు, దొరికినవాటికి సున్న సుట్టిన. మస్తు దూరంల ఉంటయి. మంద పోతుంటే దగ్గరి గొర్లే కనవడ్తయి, దూరంవి దుమ్ముల కలుస్తయి గద? పెద్ద దుర్బీన్ పెడితే గసొంటివి ఇంకెన్ని దొరుకుతయో ముందుగాల అంచనా కట్టుడే నా పని."

"ఇన్నరా? దాని నోటితోనే గొర్లన్నది!"

దవడ మీద పిడికిలి పడింది. పట్టకారు ముందుపన్ను పట్టింది. నోరంతా రక్తం. నిరోషకు ఒళ్ళు మండిపోయింది. తల విదిలించుకుని, కింద పడ్డ కాగితం లాక్కుని, చెదిరిన జడలో ఇంకా చిక్కుకుని ఉన్న ఎర్ర పెన్ను తీసి ఒక చుక్క మీద ఆనించింది.

"ఇగో, గీ సుక్క నువ్వే జంగప్పా. సున్న సుట్టాల్నా?"

పట్టకారు జారిపోయింది. ముందు జంగప్ప, వెనక జనం, ఎటు వాళ్ళటు పరుగు. వాకిట్లో చెప్పులు మిగిలాయి.

నాగవ్వ పక్కటెముకలు పట్టుకుని లేచి వాకిలి గేటు గడియ పెట్టింది. కొంగుతో బిడ్డ మూతి తుడిచింది. నిరోషకు ఏడుపూ సిగ్గూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఇంత చదువు చదివి, ఆఖరికి మంత్రగత్తె వేషం వేసి బతికింది.

"అవ్వా, గవి ఉట్టి సుక్కలే. సున్న సుడ్తె ఎవ్వలు సావరు."

"నాకెరుకే బిడ్డా."

నాగవ్వ కింద పడ్డ పెన్ను ఏరి, కూతురి చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఉట్టి సుక్కలే గదా. జంగప్పకు ఒకటి సుట్టు."