చీపురు ముందు, మనిషి వెనక

చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కనున్న షెడ్డులో హైడ్రోజన్ కారు పెట్టినప్పటి నుంచి వాచ్‌మన్ మాణిక్‌రెడ్డి చేతిలో చీపురు లేనిదే లోపలికి అడుగు పెట్టడు. ఆ గ్యాసుకు వాసన ఉండదు, లైట్ల వెలుగులో దాని మంట కనపడదు. అందుకే ఈతచీపురు ముందుకు చాపి నడవాలి. కొస కాలితే ఆగిపోవాలి. ఇంజినీరు హిమబిందు అలా నేర్పింది.

ఆ రాత్రి కారు సైలెన్సర్ నుంచి నీళ్లు కారుతున్నాయి. కారు నడిస్తేనే ఆ నీళ్లొస్తాయి. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి.

హిమబిందుకు ఫోన్ చేశాడు. "మేడమ్, బండి ఎవరన్న నడిపిన్రా?"

"ఎలా నడుపుతారండీ? గ్యాస్ సిలిండర్లు మొన్ననే విప్పి హైదరాబాద్ తెచ్చేశాంగా."

"మరి నీళ్లు కారుతున్నయి."

"మాణిక్‌రెడ్డి గారూ, ముందు మీరు బయటికొచ్చేయండి."

నీటిచుక్కల చప్పుడు ఆగిపోయింది. హైవే మీద లారీల మోత కూడా లేదు. అతను చీపురు చాపి, వచ్చిన దారినే తలుపు వైపు నడిచాడు.

నాలుగో అడుగులో చీపురు కొస నల్లబడి రాలింది. ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్లీ రాలింది. ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

చేతిలో ఇక పిడి మాత్రమే మిగిలింది.