ఎడమ అద్దం మీద వేలిముద్ర

తుడిచేశాక గానీ తను తుడిచేశానన్న సంగతి ఫొటోగ్రాఫర్‌కి తెలియలేదు.

కుడిచేతిలో కళ్లజోడు తళతళలాడుతోంది. భుజం మీద ఉండాల్సిన మెత్తటి గుడ్డ ఎడమచేతిలో ఉంది. పావుగంట కిందటే, తెర అవతల కూతురితో కూర్చున్న పెద్దావిడ ఆయనకి చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"ఎడమ అద్దం మీద మా వాడి బొటనవేలి ముద్ర ఉంది నాయనా. వాడు పోయి ఏడాది. ఇల్లంతా వెతికితే వాడి చెయ్యి తగిలిన గుర్తు ఇదొక్కటే మిగిలింది. అదీ పల్చబడిపోతోంది. నా చూపుకి ఆనీ ఆననట్టు ఉంది. పూర్తిగా పోకముందే ఫొటో తీసి పెట్టు."

ఆయన బుద్ధిగా తల ఊపాడు. తలైతే ఊపాడు గానీ, ఆ మాట చేతుల దాకా చేరలేదు.

ఇరవై రెండేళ్లుగా ఆయన తీసేవన్నీ వస్తువుల ఫొటోలే. దుకాణాల వాళ్ల క్యాటలాగుల కోసం గడియారాలు, గాజు గ్లాసులు, చెప్పులు. ఆయన వృత్తిలో వేలిముద్రని మించిన శత్రువు లేదు. అందుకే చేతులకి తెల్ల గ్లవుజులు, భుజం మీద గుడ్డ. వస్తువు చేతిలోకి రాగానే నోటితో ఓసారి ఊదడం, గుడ్డతో ఓ తిప్పు తిప్పడం, బల్ల మీద పెట్టడం. ఇవాళా అదే జరిగింది. నీడ ఎటు పడుతుందా అని ఆయన ఆలోచిస్తుంటే, చేతులు తమ పని తాము చేసుకుపోయాయి.

అద్దాన్ని లైటు దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పాడు. మచ్చుకైనా మరక లేదు. ముద్ర అందులో ఇరుక్కుని ఉంటుందేమో అన్నట్టు గుడ్డ విప్పి చూశాడు. ఇంత శుభ్రంగా తుడిచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అయిందా నాయనా?" తెర అవతల నుంచి పెద్దావిడ అడిగింది.

"లైటు సర్దుతున్నానమ్మా."

"గుడ్డా గిడ్డా తగలనివ్వకు మరి."

"ఎంత మాట."

ఆ అబద్ధం ఆడాక ఇక ఉండబట్టలేక, నిజం చెప్పేద్దామనే తెర దాకా వెళ్లాడు. సందులోంచి తల్లీ కూతుళ్లిద్దరూ కనిపించారు. కూతురి ఒళ్లో ఖాళీ కళ్లజోడు పెట్టె ఉంది. ఆమె చూపుడువేలితో తన కుడి బొటనవేలిని రుద్దుకుంటూ కూర్చుంది. ఆ వేలి కొన మీద అడ్డంగా ఓ పాత గాటు. ఎప్పుడో కత్తెరతో తెగినట్టుంది. వస్తువుల మీద గీతలు వెతికే కళ్లు కదా, ఆయనకి ఎక్కడైనా ముందు అవే కనిపిస్తాయి.

"ఇంటికి పోదాం పదమ్మా," అంటోంది కూతురు. "పెద్దది చేసి తీస్తే మాత్రం ఏం వస్తుంది? ఉత్త మరక. పెట్టెలో ఉంది కదా, చాలదూ?"

"నీకేం తెలుసే? రోజుకి పదిసార్లు ఆ పెట్టె తెరిచి, ఉందో పోయిందోనని గుండె చిక్కబట్టుకుని చూసేది నేను. ఫొటో చేతికొస్తే ఆ భయం తీరుతుంది. ఓ పూటైనా కంటినిండా నిద్రపోతాను."

ఫొటోగ్రాఫర్ ఎంత మెల్లగా వెళ్లాడో అంత మెల్లగా వెనక్కి వచ్చాడు.

గ్లవుజు తీసి, బొటనవేలిని ఎడమ అద్దం కింది మూలకి ఆనించాడు. వేలికి చెమట పట్టి ఉంది కాబట్టి ముద్ర చక్కగా పడింది. ఇరవై రెండేళ్లలో ఓ వస్తువు మీద తన చేత్తో తనే మరక వెయ్యడం ఇదే మొదలు.

ఆ తర్వాత మాత్రం పనిలో ఏ లోటూ చెయ్యలేదు. కళ్లజోడుని నల్లగుడ్డ మీద పెట్టాడు. ఒక కాడ మడిచి, ఒకటి తెరిచి ఉంచాడు, ఎవరో ఇప్పుడే తీసి పెట్టి పక్క గదిలోకి వెళ్లినట్టు. లైటుని బాగా పక్కకి దించాడు. అద్దం మీద వేలి గీతలన్నీ ఒక్కొక్కటే తేలాయి. ఫొటో తీసి, పెద్ద సైజులో ప్రింటు వేసి, బయటికి తెచ్చాడు. దొంగసొత్తు పట్టుకొస్తున్నట్టు అనిపించింది.

పెద్దావిడ ఫొటోని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. గీత గీతా వెతికి చూసింది. కూతురు ఆమె భుజం మీదుగా తొంగి చూసింది.

"వాడి వేలే," అంది పెద్దావిడ చివరికి. "ఈ సుడి చూడవే. పక్కకి ఎలా ఒరిగి ఉందో. వాణ్ని చేతుల్లో పెట్టిన రోజునే చూశాను. వెయ్యి వేళ్లలో కలిపేసినా పోల్చుకుంటాను."

ఫొటోగ్రాఫర్ తన బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

"నువ్వు మాట్లాడవేమే? తోడబుట్టినదానివి. తమ్ముడిదేనా, కాదా?"

కూతురు ఫొటో మీద నుంచి చూపు తిప్పలేదు. "వాడిదేనమ్మా."

పెద్దావిడ ఫొటోని గుండెలకి హత్తుకుని, "చల్లగా ఉండు నాయనా," అని మెట్లవైపు నడిచింది. వచ్చేటప్పుడు గోడ పట్టుకుని ఎక్కిన మనిషి, ఇప్పుడు ఏదీ పట్టుకోకుండానే దిగుతోంది.

కళ్లజోడు తీసుకోవడానికి కూతురు ఆగింది. దాన్ని పెట్టెలో పెట్టి మూత వేసింది. మెట్లవైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆరు నెలల కిందట ఇల్లు దులుపుతూ తమ్ముడి ముద్ర నేనే తుడిచేశానండి. తెలిస్తే అమ్మ తట్టుకోలేదని నా వేలు పెట్టాను." గాటు ఆయనకి కనిపించేలా బొటనవేలు పైకెత్తింది. "ఫొటోలో ఇది లేదు. మీరు కూడా తుడిచేశారా?"