తొంభై డిగ్రీలు

తెర మీద మళ్లీ గడ్డి మొలిచినట్టు పిచ్చి గీతలే.

“ఆరింటికల్లా ఈ ఎక్స్‌రే కిరణం ఇంకొకళ్లకి అప్పజెప్పాలి. మళ్లీ మన వంతు ఏడాదికి!” కీబోర్డును విసురుగా తోసేసింది పరిశోధకురాలు.

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. యంత్రం లోపల గోధుమగింజంత స్ఫటికం మైనస్ రెండు వందల యాభై డిగ్రీల చలిలో ఉంది. అందులోని బుల్లి అయస్కాంతాలు ఒకటి పైకీ ఒకటి కిందికీ చూస్తూ బారులు తీరి ఉంటే, చెదిరి వచ్చే ఎక్స్‌రేల్లో సన్నటి శిఖరం ఒకటి లేవాలి. ఆమె మూడేళ్ల థీసిస్ అంతా ఆ శిఖరం మీదే ఉంది. అదేమో లేవనని మొండికేసింది.

పక్క కుర్చీలో, పెళ్లై పదకొండు రోజులైన మొగుడు బిస్కెట్‌ను టీలో ముంచుకుంటున్నాడు. ఆ ముంచడం కూడా ముద్దుగానే ఉంది. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

“ఈ పదార్థంలో అయస్కాంత క్రమం లేనే లేదని రాశాడే ఓ మహానుభావుడు, ఆయన నోటి వాక్కు ఫలించేట్టుంది.”

“రాసేవాళ్లకేం, రాస్తారు.”

“వెతకడం చేతకాక, లేదని చేతులు దులిపేసుకున్నాడు! ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు కడగాలి.”

అతను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. “కడుగు తల్లీ. ముందు ఈ టీ తాగు.”

ఐదుంబావు. మరో స్కాన్. మళ్లీ గడ్డే. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఇక నావల్ల కాదండీ.”

అతను కప్పు పక్కన పెట్టాడు. “నిన్నట్నుంచీ ఒకటే ఆలోచిస్తున్నా. మామూలుగా చెదిరే ఎక్స్‌రేల హోరులో నీ శిఖరం మునిగిపోతోందేమో. డిటెక్టర్ ముందు జల్లెడలా ఉన్న అనలైజర్‌ని తొంభై డిగ్రీలు తిప్పు. ఆ హోరు అక్కడే ఆగిపోతుంది, అయస్కాంతాల నుంచి వచ్చేదే దాటుతుంది.”

తిప్పింది. గడ్డి మాయమైంది. నడుమ సూదిలా ఒక శిఖరం! స్ఫటికాన్ని వేడి చేస్తే, అయస్కాంతాల బారు చెదిరి శిఖరం కరిగిపోయింది. చల్లబరిస్తే బుద్ధిగా లేచి నిలబడింది.

“అయ్యగారి పేపరు గోవిందా!” అతని మెడ చుట్టూ చేతులు వేసి ఊపేసింది.

“గోవిందా,” అన్నాడు అతనూ, ఊపిరాడక.

ఆరింటికి, తర్వాతి బృందం తలుపు తడుతుండగా, అతను పరిశోధన పత్రిక సంపాదకుడికి రెండు ముక్కలు రాసి పంపాడు: ‘నాలుగేళ్ల క్రితం మీరు వేసిన నా వ్యాసం తప్పు, సాక్ష్యం నా భార్య దగ్గరుంది.’