మచ్చలేని చిప్పలు

"ఈ అంకె మారేదాకా మీరు ఈ గది దాటేది లేదు," అంటూ డైరెక్టర్ లోపలినుంచి ల్యాబ్ తలుపు గడియ పెట్టాడు.

కెమిస్టు తన చేతిలోని రిపోర్టు కేసి చూసింది. రేవులోని ఆల్చిప్పలు నీళ్లలో ఉన్న కాడ్మియం, పాదరసం లాంటి విషలోహాలను ఒంట్లోకి పీల్చుకుంటాయి. పీల్చుకున్నకొద్దీ, ఆ లోహాన్ని పట్టి కట్టిపడేసే ప్రోటీన్‌ను పెంచుకుంటాయి. ఈసారి ఆ ప్రోటీన్ ఉండాల్సినదానికి నాలుగింతలుంది. రిపోర్టు ఇలాగే వెళ్తే రేవు పక్క ఫ్యాక్టరీకి తాళం పడుతుంది.

"మీ ఆయన ఉద్యోగం అందులోనే కదమ్మా?"

"అవును సర్."

"మరి? కూర్చున్న కొమ్మ నరుక్కుంటారా?"

ఆమె అంకె మార్చి సంతకం పెడితే ఊరు విషం తింటుంది. పెట్టకపోతే తన ఇంట్లో పొయ్యి వెలగదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డైరెక్టర్ ఆల్చిప్పలున్న ఒక ఐసు డబ్బా బల్లమీద పెట్టాడు. "మిమ్మల్ని దొంగ అంకెలు వెయ్యమనట్లేదు. ఇవి దూరపు సముద్రానివి, మచ్చలేనివి. వీటిని పరీక్ష చేసి, మన రేవువని రాయండి. మీ చేతికి మట్టి అంటదు."

ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా మూత తీసింది. మాంసం ఒలిచి నూరింది, వేడిచేసింది, పైన తేరిన తేటను మెషీన్లో పెట్టింది.

ఈలోగా ఆయన ఫోన్లో ఎవరినో బుజ్జగిస్తున్నాడు. "తిన్నావా తల్లీ? ఇంకొంచెం తిను. ఇప్పుడు నువ్వొక్కదానివే కాదుగా!" ఈయనకు ఇంత మెత్తటి గొంతు ఉందని ఆఫీసులో ఎవరికీ తెలియదు.

అంకె వచ్చింది. ఆరింతలు!

"మెషీన్ పాడైంది. మళ్లీ చెయ్యండి."

చేసింది. ఆరింతలే. మూడోసారీ అంతే.

"మెషీన్ బాగానే ఉంది సర్. ఇంత లోహం ఫ్యాక్టరీ మురుగు గొట్టం మూతి దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. దూరపు సరుకని మీకెవడో మన రేవు చిప్పల్నే అంటగట్టాడు."

డైరెక్టర్ ఒక్క ఉదుటున లేచి తలుపు దగ్గరకు పరుగెత్తాడు. తొందరలో, తాను పెట్టిన గడియ తనకే రావడం లేదు.

"ఏమైంది సర్? ఎక్కణ్ణుంచి తెచ్చారు వీటిని?"

"మా ఇంటి ఫ్రిజ్‌లోంచమ్మా... మా అమ్మాయికి ఏడో నెల, బలమని రోజూ ఇవే పెడుతున్నాం."